గంగప్ప బిగించిన పైపు

బాగేపల్లి చుట్టుపక్కల ఎవరి పొలంలో బోరు పడినా, డ్రిప్పు పైపులు పరచడానికి రైతు మొదట వెతికేది గంగప్పనే. ఆయన సంచిలో ఎప్పుడూ ఒక ఫ్లాస్కు ఉండేది. కాఫీ అనుకుని ఆశపడిన వాళ్ళకు అందులో వేడినీళ్ళే దొరికేవి. పైపు కొసను కత్తితో ఏటవాలుగా కోసి, వేడినీళ్ళలో ముంచి, మెత్తబడగానే ముళ్ళున్న కనెక్టరు మీదికి నెట్టేవాడు. చల్లారాక అది ఉడుంపట్టు పట్టేది. గంగప్ప బిగించిన పైపు కారదని ముందు ఊళ్ళోవాళ్ళు అన్నారు. తరువాత ఆ మాట ఆయనే అనడం మొదలుపెట్టాడు.

ఆయన గొప్ప పైపులైతే, ఆయన భార్య అక్కయమ్మ గొప్ప ఆయనే. ఒకప్పుడు గంగప్ప మామూలు తాగుబోతు కాదు. కూలి డబ్బులన్నీ సారాయి అంగట్లో పోసి, సందులో పడి ఉంటే అక్కయమ్మే పోయి లేపుకొచ్చేది. చివరికి ఒకరోజు ఆమె ఆయన్ని కైవారకు తీసుకుపోయింది. అక్కడ గుడి ముందర ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. అప్పటినుంచి వీధిలో ఎవరి మొగుడు తాగినా ఆడవాళ్ళు అక్కయమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళకు కాఫీ ఇచ్చి, మా ఇంటాయన మారలేదా, మీ ఆయనా మారతాడని ధైర్యం చెప్పేది. అలా చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త పెద్దదయ్యేది. అది గంగప్పకు వినబడాలనే.

ఇలా ఉండగా చిక్కబళ్ళాపురం నుంచి పురుషోత్తమ్ ఫోను చేశాడు. వాళ్ళ నాన్న ద్రాక్షతోటకు పైపులు వేసింది గంగప్పే. పురుషోత్తమ్ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, చిక్కబళ్ళాపురంలోని తమ ఇంటి మేడమీద బీరు కుళాయి పెట్టించుకోవాలని సరదాపడ్డాడు. ఒక ఫ్రిజ్జులో బీరు పీపా, పక్కన గ్యాసు సిలిండరు, తలుపుకు కుళాయి, వీటన్నిటినీ కలపడానికి సన్నటి పైపులు, సామానంతా పెట్టెలో వచ్చింది. బిగించేవాడే కావాలి. బీరనగానే గంగప్ప కాసేపు తటపటాయించాడు. పైపు లోపల ఏం పారితే మనకేం, మనం తాగబోయామా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఇంట్లో పైపు పని అని మాత్రం చెప్పి బయలుదేరాడు.

ఆ పైపులను కలిపేవి, ఇళ్ళల్లో నీళ్ళ ఫిల్టరుకు ఉండేలాంటి చిన్న తెల్లటి ఫిట్టింగులు. పైపును లోపలికి నొక్కితే చాలు, ఉక్కు పళ్ళు పట్టుకుంటాయి, వాటి వెనక రబ్బరు రింగు చెమ్మ బయటికి రానివ్వదు. కానీ ఆ రింగుకు నాజూకెక్కువ. పైపు కొస సూటిగా తెగి ఉండాలి, గుండ్రంగా ఉండాలి, పైన గీత పడకూడదు, మొదట అడ్డు తగిలిన చోట ఆగకుండా అడుగు తగిలేదాకా నెట్టాలి. ఇదంతా పెట్టెలోని కాగితం మీద ఉంది. పురుషోత్తమ్ దాన్ని చదవబోతే, నువ్వు చదువుకుంటూ ఉండప్పా, ఈలోగా నేను బిగించేస్తానన్నాడు గంగప్ప. అలవాటు చొప్పున ఏటవాలుగా కోశాడు. అలవాటు చొప్పున ఫ్లాస్కు మూత తీసి కొసలు ముంచాడు. మెత్తబడిన కొసలు ఆ ఇరుకులో దూరేటప్పుడు సొట్టబోయిన సంగతి ఆయన చూడలేదు. గ్యాసు పెట్టకుండా ఉత్త నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. మీసం మీద చెయ్యి వేసుకుని ఇంటికి వచ్చాడు.

ఆదివారం పురుషోత్తమ్ స్నేహితులను పిలిచాడు. గ్యాసు తిప్పేసరికి అతుకు అతుకునా నురగ వచ్చింది, ఫ్రిజ్జు అడుగున మడుగు కట్టింది. ఫోను రాగానే గంగప్ప పరుగెత్తాడు. ఆయనకు ఒక్కటే తోచింది: నీళ్ళ వేడి చాలలేదు. వంటింట్లో మరిగించి తెమ్మని, అన్ని కొసలూ మళ్ళీ ముంచి నెట్టి, వంగి నిలబడి గ్యాసు తానే తిప్పాడు. ఒక పైపు ఊడి చిమ్మింది. తలా ముఖమూ చొక్కా బీరుతో తడిసి ముద్దయ్యాయి. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు ఆపుకోలేక నవ్వారు.

పురుషోత్తమ్ నవ్వలేదు. గ్యాసు కట్టేసి, పెట్టెలోంచి చిన్న కత్తెరలాంటిది తీశాడు. కాగితం చూసుకుంటూ పైపులను సూటిగా కోసి, చల్లగానే నొక్కి, వెనక్కి లాగి చూసి, సబ్బునురగ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. తరువాత తువ్వాలు తెచ్చి గంగప్ప తల తానే తుడిచాడు. "పొలం పైపు వేరే, ఇది వేరేనప్పా. నీ తప్పేం లేదులే," అన్నాడు. తిట్టి ఉంటే గంగప్ప తట్టుకునేవాడు. ఆ జాలికి మాత్రం ఆయనకు తల కొట్టేసినట్టయింది.

బస్సులో పక్కన కూర్చున్నామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఖాళీ సీటు చూసుకుని లేచిపోయింది. నేను తాగలేదమ్మా అందామనుకున్నాడు. అడగనిదే ఎవరికని చెబుతాడు? బాగేపల్లి వచ్చేదాకా కిటికీ వైపు ముఖం తిప్పుకునే కూర్చున్నాడు.

ఇంటికి చేరేసరికి ముందు వసారాలో వెంకటప్ప కూర్చుని ఉన్నాడు. పక్క ఊరి పెద్ద రైతు. కొత్తగా పెట్టే టమాటా తోట మొత్తానికి డ్రిప్పు గంగప్ప చేతే వేయించాలని వచ్చాడు. "నువ్వు బిగిస్తే కారదని గదప్పా ఇంత దూరం వచ్చింది," అన్నాడు. సరిగ్గా అప్పుడే కాఫీ లోటాతో అక్కయమ్మ గడప దాటింది. వాసన తగలగానే ఆగిపోయింది.

"తాగినావా?" అంది మెల్లిగా.

లేదే, పైపు కారింది, నా పనితనం తగలబడిపోయింది అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా వెంకటప్ప చెవులు రిక్కించి ఉన్నాడు.

"పురుషోత్తమ్ బలవంతం చేసినాడు. రవ్వంత తాగినాలే," అన్నాడు గంగప్ప.

వెంకటప్ప నవ్వేసి, ఆదివారం గదమ్మా పోనీలెమ్మన్నాడు. గురువారం పని మొదలుపెట్టమని చెప్పి వెళ్ళాడు. అక్కయమ్మ ఆ చొక్కాను మిగతా బట్టల్లో కలపకుండా విడిగా ఉతికి ఆరేసింది. వెంకటప్ప పోయాడు, ఇంట్లో ఇద్దరే ఉన్నారు, చెప్పేయవచ్చు. చెప్పలేదు. చెబితే ఆమె నీళ్ళ కుళాయి దగ్గర ఎవరితోనైనా అంటుందని వంక వెతుక్కున్నాడు. అసలు సంగతి అది కాదు. పైపు కారిందనే మాట తన నోటితో తాను వినలేకపోయాడు, అంతే. ఇక్కడ ఆయన్ని వెనకేసుకు రావడానికి నాకైతే ఒక్క కారణమూ దొరకదు.

ఆమె వండింది, వడ్డించింది, పక్కన కూర్చోవడం మానేసింది. ఒక సాయంత్రం ఎదురింటి ప్రతిమ మొగుడి సంగతి చెప్పుకోవడానికి వచ్చింది. లోపల ఉన్న గంగప్పకు అక్కయమ్మ గొంతు వినబడింది, ఈసారి చాలా చిన్నగా. "నన్ను అడగొద్దమ్మా. నాకేం తెలుసు," అంది. ప్రతిమ వెళ్ళిపోయింది. గంగప్ప చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.  అయినా నోరు తెరవలేదు. మర్నాడు వెంకటప్ప తోటలో పైపులు వేడినీళ్ళలో ముంచుతూ, ఆ రైతు మెచ్చుకుంటుంటే తల వంచుకుని విన్నాడు.

ఆ తరువాతి శనివారం పొద్దున్నే అక్కయమ్మ పసుపు కుంకుమ సంచిలో పెట్టుకుని చింతామణి బస్సెక్కింది. రమ్మనలేదు. గంగప్ప వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. చింతామణిలో ఇద్దరూ ఒకే బస్సులోకి మారి, కైవారలో దిగారు. గుడి దగ్గర ఆమె నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుని తడిచీరతో ప్రదక్షిణాలు మొదలుపెట్టింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నాలుగడుగులకోసారి గోడ పట్టుకుంటోంది. నా మొగుడు ఒట్టు తప్పినాడు సామీ, ఆ పాపం నాకు పెట్టు, ఆయప్పను ఏమీ చెయ్యొద్దు అని గొణుక్కోవడం దగ్గరికి వచ్చినప్పుడల్లా గంగప్పకు వినబడుతోంది.  ఆయన చేయని పాపానికి ఆమె వణికిపోతోంది. చేసిన పాపం సంగతి ఆమెకు తెలియనే తెలియదు.

ఎదురుగా పోయి ఆపాడు. మెట్టు మీద కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. ఫ్లాస్కు, సొట్టబోయిన కొసలు, కుర్రాళ్ళ నవ్వు, పురుషోత్తమ్ తువ్వాలు, వెంకటప్ప ఎదుట జంకిన జంకు, ఏదీ దాచలేదు. "నేను తాగలేదే. ఒక్క చుక్క ముట్టలేదు," అన్నాడు. ఇప్పుడైనా ఆమె ముఖం విప్పారుతుందని చూశాడు.

అక్కయమ్మ కొంగు పిండుకుంది. 

"సందులో పడుండే నాళ్ళలో గూడా, తాగినావా అంటే తాగినాననే చెప్తాంటివి," అంది. "నాతో అబద్ధమాడింది లేదు. ఆ ఒక్కటీ ఉండాదనే నిన్ను లేపుకొస్తాంటి."

ఆమె లేచి గోడ పట్టుకుంది, మిగిలిన ప్రదక్షిణాలకు బయలుదేరింది. ఆ మిగిలినవి దేనికో గంగప్పకు అడగకుండానే తెలిసింది.