పిలవని వాకిట్లో మా అవ్వ

నా చిన్నప్పుడు నేను చూసిన మొదటి పరాయి దేశం మా నగరి నుంచి రైల్లో ముప్పావు గంట దూరంలో ఉండేది. సరిహద్దు దాటగానే స్టేషను బోర్డుల మీద అక్షరాలు మారిపోయేవి. మా వైపు పెద్దవాళ్ళందరికీ తమిళం కొద్దో గొప్పో వచ్చు. తొమ్మిదేళ్ళ నాకు మాత్రం ఒక్క ముక్క కూడా రాదు.

ఆ తర్వాత నిజంగానే పరాయి దేశాలు చూశాను. పెళ్ళి చేసుకోని మనిషిని కనుక, తిరుపతిలో నర్సుగా రిటైరయ్యాక ఎవరినీ అడగాల్సిన పని లేకుండా ఒక్క సంచీతో బయల్దేరి పదకొండు నెలలు తిరిగాను. వియత్నాం, లావోస్, ఉజ్బెకిస్తాన్, జార్జియా, టర్కీ, చివర పోర్చుగల్. ఇంగ్లీషు కూడా పనికిరాని చిన్న ఊళ్ళలోనే ఎక్కువ రోజులు ఉన్నాను. భాష రాకుండా ఎట్లా నెగ్గుకొచ్చావని ఇప్పటికీ అడుగుతుంటారు. అది నేను ఆ దేశాల్లో నేర్చుకున్న విద్య కాదు. ఒక ఎండాకాలం మా అవ్వతో పోయిన పల్లెలో నేర్చుకున్నది.

మా మేనత్తను సరిహద్దు అవతలి పల్లెలో ఇచ్చారు. వాళ్ళదీ తెలుగు మాట్లాడే కుటుంబమే, సేద్యం చేసుకునేవాళ్ళు. అత్త వాళ్ళ మామగారు చనిపోయినప్పుడు కబురు అందినా మా నాయన వెంటనే కదల్లేదు. మగ్గం మీదున్న చీర దించి పోదామనుకున్నాడు. ఆయన చేరేసరికి శ్మశానం నుంచి అందరూ తిరిగొచ్చేశారు. చావుకు రాని చుట్టం మాకెందుకని అత్త వాళ్ళ అత్తగారు పదిమందిలో అనేసింది. రెండేళ్ళు రాకపోకలు లేవు. తొలి కాన్పుకు కూడా అత్తను మా ఇంటికి పంపలేదు. తప్పు మా నాయనదేనని ఇప్పుడు నాకు తెలుసు. అప్పట్లో మాత్రం ఆ అత్తగారు రాక్షసి అనుకునేదాన్ని.

అటువైపు ఊళ్ళు తిరిగే గాజులామె ఒకరోజు కబురు తెచ్చింది. అత్తకు ఆడపిల్ల పుట్టి వారమైంది. బిడ్డ బాగుంది గానీ తల్లి మంచం దిగడం లేదు, ముద్ద ముట్టడం లేదు.

"పోబాకమ్మా, నిన్ను గడప తొక్కనీరు" అన్నాడు నాయన.

మర్నాడు పొద్దున్నే అవ్వ నాకు జడ వేసి, చేతిలో ఒక సంచీ పట్టుకుని రైలెక్కించింది. దిగాక రెండు మైళ్ళు నడిచాం.

ఆ ఇంటి వాకిట్లో పందిరి కింద చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, గుట్టగా పోసి ఉన్నాయి. వాన పడితే విత్తాలి కాబట్టి నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని గింజలు ఒలుస్తున్నారు. వాళ్ళలో అత్తగారు కూడా ఉంది. మమ్మల్ని చూసింది, తల దించుకుని మళ్ళీ పనిలో పడింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మిగతా ముగ్గురూ ఆమె మొహం వైపు ఒకసారి చూసి మళ్ళీ కాయలు అందుకున్నారు.

అవ్వ ఏడుస్తుందనుకున్నాను, లేదంటే గొడవకు దిగుతుందనుకున్నాను. ఆమె సంచీని గోడ వారగా పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గుట్టకు ఒక పక్కగా కూర్చుంది. దోసెడు కాయలు ముందుకు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. నాకు సిగ్గుతో మొహం మండిపోయింది. మంచినీళ్ళు కూడా ఇవ్వని ఇంట్లో కూలికొచ్చినట్టు కూర్చోవడమేమిటి?

"పోదాం పా అవ్వా" అన్నాను ఆమె చెవిలో.

"కూసో. సేతులు ఊరికే ఉండాయి గదా, ఒలువు" అంది.

కూర్చున్నాను. చెనిక్కాయ బొటనవేలితో నొక్కితే చిట్లుతుంది. మొదటి వంద కాయలు ఆటలాగే ఉంటాయి, తర్వాత వేలు మండుతుంది. ఎండ పందిరి సందుల్లోంచి జరుగుతూ పోయింది. ఆ మధ్యలో ఇంటి లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అవ్వ చేతులు ఆగిపోయాయి. తలుపు వైపు చూస్తుందేమోనని నేను ఆమెనే చూస్తున్నాను. చూడలేదు. బిడ్డ ఊరుకునే దాకా ఒక కాయను పిడికిట్లో పట్టుకుని అట్లాగే కూర్చుని, తర్వాత దాన్ని ఒలిచింది. అత్తగారు కూడా ఆమెనే చూస్తోందని అప్పుడు గమనించాను.

చాలాసేపటికి అవ్వ నోరు విప్పింది, అదీ గింజల గురించే. గిన్నెలోంచి నాలుగు ఏరి పక్కన పెడుతూ, "ఇవి ఇత్తనానికి రావు. పైపొర సీలిపోయింది" అంది, ఎవరితోనూ కానట్టు.

అత్తగారు వాటిని తీసుకుని చూసింది. "అవునా? పోయిన తూరి సగం మొలకే రాల్యా" అంది. వాటిని పక్కకు విసిరి, "మీ పక్క వాన పడిండాదా?" అని అడిగింది.

"ఒక పదును పడింది" అంది అవ్వ.

అక్కణ్ణించి ఇద్దరూ వానల గురించి, పురుగు గురించి మాట్లాడుకున్నారు. మామగారి చావు గురించి గానీ, మా నాయన గురించి గానీ ఒక్క మాట లేదు. ఇంకొంతసేపటికి అత్తగారి చూపు నా చేతి మీద పడింది. బొటనవేలు చీలి నెత్తురు చెమ్మ కనిపిస్తోంది. ఆమె విసురుగా లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

"ఈ బిడ్డకు ఏలు సీలిపోతా ఉంటే సెప్పవేమి?" అని అవ్వను కసిరింది. నేను నీళ్ళు తాగుతుంటే నిలబడే ఉండి, గొంతు తగ్గించి అంది: "లోపలికి పో వదినా. అది నా మాట ఇనడంల్యా. నాలుగు దినాలుగా ఏం పెట్టినా అట్నే ఉండాది. నాకు భయంగా ఉండాది."

ఆ రాక్షసికి భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

అవ్వ చేతులు కడుక్కుని లోపలికి పోయింది. మా అత్త ఆమెను చూసి ఏడ్చిన ఏడుపు వాకిట్లోకి వినిపించింది. తర్వాత అత్తగారే అన్నం కలిపి తీసుకుపోయింది. ఎవరు తినిపించారో నేను చూడలేదు, కంచం మాత్రం ఖాళీగా బయటికొచ్చింది. నర్సుగా ఇప్పుడు ఆలోచిస్తే, అది కాన్పు తర్వాత కొందరికి పట్టే మనసు జబ్బు అనుకుంటాను. ఒక ముద్దతో తగ్గేది కాదు. నెలలో బిడ్డతో సహా అత్తను మా ఇంటికి పంపారు, కోలుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. మా నాయనకూ వాళ్ళకూ మాత్రం చివరిదాకా ముక్తసరి మాటలే.

తిరుగు రైల్లో అవ్వను అడిగాను, నీకు కోపం రాలేదా అని.

"రాకేమి, పొద్దున బోలెడుండె" అంది. "కొత్త సోట వాకిలి తియ్యమని అడగబాక పాపా. పని యాడ జరగతా ఉండాదో సూడు, ఆడ కూసో. మాటలు తర్వాత వస్తాయి."

వియత్నాంలో నేను దిగిన ఇంటామె పెరట్లో తూటికూర కాడలు చీలుస్తుంటే పోయి పక్కన కూర్చున్నాను. ఉజ్బెకిస్తాన్‌లో ఒక వారమంతా ఆప్రికాట్ పళ్ళలో గింజలు తీసి ఎండబెట్టాం. ఆ దేశాల్లో పేరున్న కట్టడాలూ చూశాను, అవి ఫోనులో ఉన్నాయి. గుర్తున్నవి ఆ ఆడవాళ్ళ చేతులే.

ప్రతిచోటా ఇది చెల్లిందని చెప్పను. జార్జియాలో కూరగాయలు తరగబోతే ఒకామె నా చేతిలోంచి కత్తి లాగేసుకుంది. చిన్నబుచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. వాళ్ళు వరసగా వడ్డిస్తూనే ఉన్నారు, నేను తినేదాకా నా మొహం చూస్తూనే ఉన్నారు. ఆ ఇంట్లో అతిథి పని తినడమేనని అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఆ పని కూడా తేలికైనది కాదు.

చివరి మజిలీ పోర్చుగల్‌లో సముద్రం పక్కన ఒక ఊరు. ఇల్లు అద్దెకిచ్చిన ముసలామె నల్ల బట్టల్లో ఉండేది, అక్కడ భర్త పోయినవాళ్ళు అట్లా కడతారట. మొదటి రోజు తాళంచెవి చేతికిచ్చి పోయింది, ఎదురుపడినా నవ్వేది కాదు. ఐదో రోజు ఆమె మేడ మీద ఆరిన దుప్పట్లు ఒక్కతే మడతపెట్టబోతూ తంటాలు పడుతోంది. గాలికి దుప్పటి మాటిమాటికీ జారిపోతోంది. నేను పోయి రెండో కొస పట్టుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు వార్డుల్లో చేసిన పనే. ఆమె ఒక క్షణం చూసి, తన కొస బిగించింది. దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు దూరంగా నిలబడి లాగాలి, తర్వాత ఒకరికొకరు ఎదురు రావాలి. పదకొండు దుప్పట్లు మడిచాం. ఆఖరిది నా చేతుల్లోంచి తీసుకుంటూ ఆమె తన భాషలో ఏదో చెప్పడం మొదలుపెట్టింది. మధ్యమధ్య ఒక మగమనిషి పేరు వచ్చింది. మిగతాది నాకేమీ అర్థం కాలేదు. ఆమె ఆపేదాకా కదలకుండా నిలబడి విన్నాను.