పెద్దాయన పొట్ట, విమానం స్టిక్

పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. కోదాడ కాలేజీలో మెకానికల్ చదివి, సబ్జెక్టులన్నీ గట్టెక్కి (అందులో రెండింటిని మూడో ప్రయత్నంలో) బయటపడ్డాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం మిర్యాలగూడలో, ఒక రైస్ మిల్లు గోదాములో. వడ్లతో నాకు పని లేదు. మేమంతా పెద్దాయన అని పిలిచే మిల్లు యజమాని, రెండు సీట్ల చిన్న విమానాన్ని విడిభాగాలుగా పెట్టెల్లో తెప్పించుకున్నాడు. దాన్ని బిగించడానికి ఎయిర్‌ఫోర్స్‌లో చేసి రిటైరైన సార్జెంట్ సార్ సూర్యాపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఆయనకు సహాయకుణ్ని నేను.

ఆ విమానంలో కూర్చునే చోటు ఆటో వెనక సీటంత ఉంటుంది. పక్కపక్కనే రెండు సీట్లు, ఒక్కో సీటు ముందు మోకాళ్ల మధ్య ఒక స్టిక్. రెండు స్టిక్కులూ అడుగున ఒకే రాడ్డుకు కలుస్తాయి కాబట్టి ఒకటి ఆగితే రెండోదీ ఆగుతుంది. వెనక్కి లాగితే తోక మీది రెక్క లేచి విమానం ముక్కు ఎత్తుతుంది. "రెండు వేళ్లతోని పట్టుకోవాలె. బస్సు స్టీరింగ్ లెక్క గుంజితే ఖతం" అని సార్ మొదటి రోజే చెప్పాడు. ఎనిమిది నెలలు బిగించాం. తనిఖీ పుస్తకంలో 'స్టిక్ అన్ని వైపులా పూర్తిగా కదులుతోంది' అని రాసి సంతకం పెట్టింది నేనే. చూసింది మాత్రం ఖాళీ సీట్లతో.

అనుమతులొచ్చాక దాన్ని లారీలో రన్‌వే ఉన్న చోటికి చేర్చి, రెక్కలు తగిలించాం. హైదరాబాద్ నుంచి వచ్చిన పైలట్ కొన్నాళ్లు ఒక్కడే నడిపి, బాగుందన్నాడు. ఇక పెద్దాయన ఎగిరే రోజు. చుట్టాలు రెండు కార్లలో దిగారు. పైలట్ టీ తాగుతుండగా ఫోటో కోసం పెద్దాయన కుడి సీట్లో, ఆయన భార్య (మాకు పెద్దమ్మ) ఎడమ సీట్లో కూర్చున్నారు. పెద్దమ్మ ఊరికే తన స్టిక్ వెనక్కి లాగింది. నేను తోక దగ్గర నిలబడి ఉన్నాను. రెక్క సగమే లేచి ఆగిపోయింది. అటు పక్క స్టిక్ పెద్దాయన పొట్టకు ఆనుకుని ఉంది.

సార్జెంట్ సార్ చెవిలో చెప్పాను. ఆయన తాపీగా, "పుస్తకంల సంతకమెవరిది?" అన్నాడు.

"నాదే సార్."

"అయితే నువ్వే చెప్పు."

చుట్టాలందరి ముందూ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. "సార్, సీటు కొంచెం చిన్నగా ఉంది."

"నాకు మంచిగనే ఉంది."

"స్టిక్ వెనక్కి రావట్లేదు సార్. మీ చొక్కా అడ్డం వస్తుంది."

ఆయన చొక్కా సర్దుకున్నాడు. స్టిక్ కదల్లేదు. పెద్దమ్మ నా మొహం చూసి, "చొక్కా గాదు, పొట్ట. పిలగాడు చెప్పలేకపోతుండు" అంది.

"అయితే ఏమైతది?" అన్నాడాయన నన్నే చూస్తూ.

"దిగేటప్పుడు ముక్కు ఎత్తలేం సార్. నేలకు కొట్టుకుంటాం."

పెద్దాయన నెమ్మదిగా దిగి, పక్కకెళ్లి నిలబడ్డాడు. నా కొలువు అక్కడితో సరి అనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ కుడి సీట్లోకి జరిగి, "నేను పోత" అంది.

"భయం గాదా?" అన్నాడు పెద్దాయన.

"ముప్పై ఏండ్లు మీ స్కూటర్ ఎనక కూసున్న. ఇగ భయమేడిది?"

ఈసారి మనిషి కూర్చుని ఉండగానే స్టిక్‌ను నాలుగు వైపులా తిప్పించి చూశాను, రెండుసార్లు. పెద్దమ్మ పైలట్ పక్కన కూర్చుని మిర్యాలగూడ దాకా వెళ్లి వచ్చింది. ఎట్లుందని అందరూ మూగితే, "మిల్లు మీద రెండు రేకులు లేసినయ్, ఏయించుండ్రి" అంది. పెద్దాయన మొదటిసారి నవ్వాడు. నన్ను పిలిచి, "నువ్వు జెప్పకపోతే మేమేమైతుంటిమో. నువ్వు గూడ ఒక సుట్టు పోయిరా" అన్నాడు.

ఎనిమిది నెలలుగా నేను కలగన్న మాట అది. సీటు మీద చెయ్యి వేశాను. ఆ విమానంలో నా చేతులతో బిగించిన ప్రతి నట్టూ ఒక్కసారిగా గుర్తొచ్చింది. కడుపులో నొప్పిగా ఉందని చెప్పి లారీ ఎక్కి కూర్చున్నాను. ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడైతే ఎక్కేవాణ్నే. అడిగేవాళ్లే లేరు.