రెండోది ఉందిగా

మా అక్క మొగుడికి ఏ వస్తువూ ఒకటి చాలదు. ఇంటి తాళంచెవులు రెండు జతలు, కళ్లజోళ్లు రెండు, గొడుగులు రెండు. ఒకటి పోతే రెండోది ఆదుకోవాలంటాడు. "పెళ్లాం విషయంలో మాత్రం ఆ మాట అనకండి" అని మా అక్క పెళ్లయిన కొత్తలోనే హెచ్చరించింది. మేం చాటున జోడీ బావ అంటాం. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పైకి విసుక్కున్నా లోపల ముచ్చటే.

ఆయన ఒక రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూస్తాడు. అక్కడ సర్వర్ అనే పెద్ద కంప్యూటర్ ఆగిందంటే ఒక్క రిపోర్టూ బయటికి రాదు. అందుకని మేనేజరమ్మ వెంటపడి, బతిమాలి, లోపల కరెంటు అందించే పవర్ సప్లై పెట్టెలు రెండున్న సర్వర్ కొనిపించాడు. "ఒకటి కాలిపోయినా రెండోది మోస్తుంది మేడమ్. ఇక ఆగడమన్న మాటే ఉండదు" అని మాటిచ్చాడు. చాలాకాలం ఆగలేదు కూడా.

తర్వాతెప్పుడో ఆ రెండింట్లో ఒకటి పోయింది. సర్వర్ కీచుకీచుమంది, ముందువైపు ఎర్రలైటు వెలిగింది. కౌంటర్లో మాత్రం రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. బావ మీట నొక్కి ఆ అరుపు ఆపాడు. లైటు చూసి ఎవరైనా కంగారు పడతారని దానిమీద నల్లటేపు ముక్క అంటించాడు. కొత్తది తెప్పించాలనుకున్నాడు. రెండోది ఉందిగా, వచ్చేవారం చూద్దాం అని కూడా అనుకున్నాడు. వచ్చేవారాలు వస్తూ పోతూ ఉన్నాయి. మొదట్నించీ ఒకటే ఉండుంటే మహానుభావుడు ఆ పూటే పరుగెత్తి ఉండేవాడు.

నా షుగర్ రిపోర్టు కోసం నేను వెళ్లిన పొద్దునే ఆ రెండోదీ చేతులెత్తేసింది. కౌంటర్లో పనులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పైకి అనకూడదు గానీ, నేను తిన్న మిఠాయిల బాగోతం ఇంకాసేపు బయటపడదని నాకు హాయిగానే ఉంది. మిగతావాళ్లు ఊరుకుంటారా? భార్య రిపోర్టు కోసం వచ్చిన ఒక పెద్దాయన ఇంతెత్తున లేచాడు.

సరిగ్గా అప్పుడే సర్వర్ గదిలోంచి చీపురు పట్టుకుని బయటికొచ్చింది, అక్కడ శుభ్రం చేసే ఆవిడ. అందరూ పిన్ని అంటారు.

"లోపల ఏం చేశావ్?" మేనేజరమ్మ అందరిముందే కేకేసింది.

"ఊడ్చానమ్మా. వైర్ల దగ్గర దుమ్ముంటే..."

"వైర్ల జోలికి ఎవరు పొమ్మన్నారు? నీ వల్ల ఇంతమంది పడిగాపులు! సాయంత్రం దాకా చేసి వెళ్లు. రేపటినుంచి రావద్దు."

పిన్ని చీపురు కింద పెట్టింది. కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. "నా చీపురే తగిలిందేమో" అంది.

బావ పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. సర్వర్ గదిలోకి నడిచాడు. వెనకే నేనూ వెళ్లాను. వెళ్తూనే ఆ టేపు ముక్క పీకి జేబులో దాచుకున్నాడు.

"ఏంటి బావా, రెండూ ఒకేసారి పోయాయా?"

"ఒకటి ఎప్పుడో పోయింది" అన్నాడు, గోడకి చెప్పినట్టు. మిగతాదీ గోడకే చెప్పాడు.

కొత్తవి తెప్పించి తగిలించేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా పిన్ని మంచినీళ్లు తెచ్చిచ్చింది. "నా వల్ల నీకెంత పని పడింది బాబూ!" అంది. బావ ఆ గ్లాసు అలాగే పక్కన పెట్టేశాడు.

భోజనానికి రాలేదేమని అక్క ఫోన్ చేసింది. బావ అంతా చెప్పేశాడు. అక్క దగ్గర ఆయన దాచినా దాగదు.

"మేడమ్ కోపం చల్లారనీ, మెల్లగా చెబుతాలే" అన్నాడు చివర్న.

ఫోన్లోంచి అక్క గొంతు నాదాకా వినిపించింది. "ఆవిడ కోపం చల్లారేలోగా పిన్ని పొయ్యి చల్లారుతుంది. మీకైతే అన్నీ రెండేసి. పాపం ఆవిడకి ఇంకో ఉద్యోగం ఉందా?"

బావ లేచి మేనేజరమ్మ గదికి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది.

"రెండుంటే ఆగదన్నారుగా?" అంటోంది ఆవిడ.

"ఆగదు మేడమ్, మొదటిది పోగానే మార్చుంటే. నేను లైటుకి టేపేసి కూర్చున్నాను. తప్పు నాది. పిన్నిది కాదు."

ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "ఆవిణ్ని ఉండమనండి. మీ సంగతి తర్వాత చూస్తాను" అంది.

పిన్ని వరండా మూల తడిబట్ట పిండుతోంది. బావ దగ్గరికెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు. సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ మొహం ఎర్రబడింది.

"పొద్దున్నుంచీ నా చెయ్యిని నేనే తిట్టుకుంటున్నాను. తెలిసి కూడా చూస్తూ కూర్చున్నావా?"

"తప్పయిపోయింది పిన్నీ."

"ఈ మూలన గొణిగితే ఎలా? నన్ను తిట్టింది అక్కడ." చేతిలో తడిబట్టతోనే కౌంటర్ వైపు చూపించింది.

బావ సాయం కోసం నా వైపు చూశాడు. నేను గోడమీద కొలెస్టరాల్ గురించిన పోస్టరు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

చేసేదిలేక కౌంటర్ ముందుకెళ్లి నిలబడ్డాడు. పిన్ని పక్కనే వచ్చి నిలబడింది.

"అందరూ ఒక్క మాట వినండి. పొద్దున సర్వర్ ఆగింది ఈవిడ వల్ల కాదు. నా వల్ల."

చివరి ముక్క నోట్లోనే నమిలేశాడు. కౌంటర్లో అమ్మాయిలు తలలెత్తారు. రిపోర్టు కోసం ఇంకా కాచుకునే ఉన్న పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"వినబడలేదు నాయనా. ఎవరి వల్ల?"

బావ పిన్ని వైపు చూశాడు. ఆవిడ కదల్లేదు.

మళ్లీ చెప్పాడు. ఈసారి గట్టిగా.