మా బాపు కారు కమాన్లు విప్పిన ఆదివారం

మా చిన్నప్పుడు... ఒక ఆదివారం పొద్దున నేను లేచేసరికి, నాచారంలో మా ఇంటి ముందు కారు వెనక భాగం గాల్లో ఉంది. కింద నుంచి రెండు కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. అవి మా బాపువి.

బాపు అక్కడే ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఎవరో ఆఫీసరు వాడి వదిలేసిన పాత తెల్ల కారును ముచ్చటపడి కొన్నాడు. దాని వెనక కమాన్... అదే, చక్రాల మీద బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట... అందులో ఒక పట్టీ పగిలింది. మెకానిక్ షెడ్డుకు ఇవ్వడం ఆయనకు నామోషీ. తనే విప్పాలి, తనే బిగించాలి.

"షెడ్డుల ఇయ్యరాదు? అంత బరువు మీద పడితే ఏంగావాలె?" అని అమ్మ గుమ్మంలో నిలబడి గొణుగుతూనే ఉంది.

"ఫ్యాక్టరీల రోజూ గింతకంటె పెద్దయి విప్పుత. నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నాడు కారు కింది నుంచే.

నిజంగానే విప్పాడు. చక్రాలు తీసి, కారును చెక్క దిమ్మెల మీద నిలబెట్టి, తుప్పు పట్టిన బోల్టుల మీద కిరోసిన్ పోసి, ఒక్కొక్కటే వదులు చేసి... సాయంత్రానికి రెండు కమాన్లూ ఇరుసుతో సహా కిందికి దించాడు. వీధంతా వచ్చి చూసింది. నాకైతే గర్వంతో కాలు నేల మీద నిలవలేదు.

మా వీధి రోడ్డు వైపు వాలుగా ఉంటుంది. కారు ముఖం కూడా అటే. బాపు నన్ను పిలిచి ముందు చక్రాలకు అడ్డంగా పెట్టిన రెండు రాళ్లు చూపించాడు.

"హ్యాండ్ బ్రేకు పట్టేది ఎనక చక్రాలను బిడ్డా. అవే లెవ్వు గదా... ఇప్పుడు ఈ రెండు రాళ్లే బ్రేకు. ఎవ్వల్నీ ముట్టనియ్యకు."

ఎవ్వరినీ ముట్టనివ్వలేదు... వారమంతా కాపలా కాశాను.

తర్వాతి ఆదివారం, ఉప్పల్‌లో కొత్త పట్టీ వేయించుకొచ్చిన కమాన్లు ఎక్కించే రోజు. మధ్యాహ్నానికి ఒక పక్క బిగించి, బాపు అన్నానికి లోపలికి వెళ్లాడు. వీధిలో క్రికెట్ మొదలైంది. ఉప్పల్ స్టేడియం దగ్గర్లోనే ఉండటంతో మా వీధి పిల్లలందరికీ అదే పిచ్చి. ఆడపిల్లనని నన్ను ఎప్పుడూ ఫీల్డింగుకే పెట్టేవాళ్లు. ఆ రోజు వికెట్టుకు ఒక రాయి తక్కువైంది. "రాయి తెస్తే ఫస్ట్ బ్యాటింగ్ నీదే" అన్నారు.

రెండున్నాయి కదా... ఒకటి చాలదా అనుకున్నాను. తొమ్మిదేళ్ల బుర్ర. తీసుకెళ్లాను. ఎన్ని పరుగులు చేశానో గుర్తు లేదు గానీ, అమ్మ పెట్టిన కేక మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

బాపు తిని వచ్చి, పొద్దున చూసుకున్నదే కదా అని రాళ్ల వైపు చూడకుండా కిందికి దూరాడు. రెండో కమాన్ బోల్టు రంధ్రంలోకి రాకపోతే గడ్డపార పెట్టి గట్టిగా ఎత్తాడట. కారు జానెడు ముందుకు కదిలింది. దిమ్మె ఒరిగింది. ఒంటిని పక్కకు లాక్కున్నాడు గానీ, కుడి చేతిని లాక్కోలేకపోయాడు...

ఎదురింటి సత్తయ్య మామ, ఇంకో నలుగురు వచ్చి కారు ఎత్తారు. రెండు వేళ్లు నలిగిపోయాయి. దవాఖానకు ఆటో ఎక్కిస్తుంటే సత్తయ్య మామ అన్నాడు, "గీ పక్క రాయేది బావా? పెట్టకుంటనే పండుకున్నవా?"

అంత నొప్పిలోనూ బాపు ఆలోచించాడు. "పెట్టినట్టే యాదికున్నది..." అన్నాడు. మళ్లీ తనే, "మర్సిపోయిన కావొచ్చు" అన్నాడు.

నేను అక్కడే బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ రోజు చెప్పలేదు, మర్నాడు చెప్పలేదు... తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

వేళ్లు కొంచెం వంకరగానైనా మానాయి. మనిషే మారిపోయాడు. మిగతా పని సత్తయ్య మామతో చేయించి కారు అమ్మేశాడు. తాళం వేసి నాలుగుసార్లు లాగి చూసేవాడు. ఫ్యాక్టరీలో తను బిగించిన బోల్టును పక్కవాడిని మళ్లీ చూడమనేవాడు. ఇంట్లో ఏ గొడవ వచ్చినా అమ్మ, "రాయి పెట్టుడు మర్సిన మనిషివి, నువ్వు నాకు జెప్తవా" అనేది. బాపు తల వంచుకునేవాడు. అప్పుడల్లా నేను అక్కడి నుంచి లేచి వెళ్లిపోయేదాన్ని.

ఇరవై ఏళ్లు గడిచాయి... ఇప్పుడు బోడుప్పల్‌లో ఫ్లాటు. అమ్మా, బాపూ నాతోనే ఉంటారు. మొన్న మిక్సీ జారు పిడి వదులైతే, జర బిగించు బాపూ అని స్క్రూడ్రైవర్ ఇవ్వబోయాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నాతోని గాదు బిడ్డా. సగం బిగించి మర్సిపోత. ఎవలికన్న దెబ్బ తాకుతది."

ఒక్క స్క్రూ... రెండు కమాన్లు ఒంటిచేత్తో దించిన మనిషి! ఇక ఉండలేకపోయాను. వికెట్టు, బ్యాటింగు, ఇన్నేళ్లు దాచడం... అన్నీ చెప్పేశాను. ఇక జన్మలో నాతో మాట్లాడడేమో అని భయపడుతూనే చెప్పాను.

బాపు చేతులు ముందుకు తెచ్చి, ఆ వంకర వేళ్లు చూసుకున్నాడు. "అయితే... నేను పెట్టిన్నా?" అన్నాడు.

"పెట్టినవు బాపూ. రెండూ పెట్టినవు."

మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. అప్పుడు వంటింటి వైపు తిరిగి, నేను ఎన్నో ఏళ్లుగా వినని గొంతుతో అరిచాడు.

"ఏమే... ఇన్నవా? రాయి నేను పెట్టిన్నట!"

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది అనిపిస్తోంది.

ఇప్పుడు మాకున్న కారు షెడ్డుకు పోయి, కడిగి తుడిచి ఇంటికొస్తుంది. దాని కింద ఏముందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంటి ముందు బండి విప్పుకుని కూర్చునే మనుషులు నాచారంలోని ఆ వీధిలోనూ లేరు... మీ ఇళ్లలో అలాంటి మనుషులు ఉండి ఉంటే వాళ్ల ముచ్చట్లు రాయండి, చదువుతాను. కానీ నాలాగా కడుపులో దాచుకున్నది ఏదైనా ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి... ముందు ఆ మనిషికి చెప్పండి. నేను ఇరవై ఏళ్లు ఆలస్యం చేశాను.