నేను కొట్టేసిన వరుస

అడగకుండా ఒకరి కాగితం మీద పెన్ను పెట్టడం ఆ రోజు నేను చేసిన తప్పు. అఫ్జల్‌గంజ్ బస్సులో పక్క సీటు యువకుడు తన రెండు పేజీల రెజ్యూమె చదువుకుంటున్నాడు. ఆఫీసులో అలాంటివి చూడటమే నా పని. "ఒక్క పేజీ చాలు తమ్ముడూ" అంటూ అందుకుని, మొదట్లో ఉన్న తండ్రి పేరు, ఆయన పాల వ్యాపారం వరుసను కొట్టేశాను.

"ఏందన్నా గిట్ల చేసినవ్? ఇంకో గంటల ఇంటర్వ్యూ ఉంది. నా తాన ఇదొక్కటే ఉన్నది."

"నాన్న ఏం చేస్తే వాళ్లకెందుకు?"

"వాళ్లకు వద్దేమో. మా బాపు సైకిల్ మీద మొఘల్‌పురా అంత పాలు పోసి నన్ను డిగ్రీ చదివించిండు. ఆయన పేరు పైననే ఉండాలె. తీస్తే హాబీలు తియ్. క్రికెట్ అని నెట్ సెంటరాయన రాసిండు, నేను బ్యాట్ పట్టనే పట్టలె!"

నవ్వబోయి ఆగిపోయాను. మా నాన్న అఫ్జల్‌గంజ్‌లోనే మూటలు మోసేవాడు. ఆ మాట నేనెక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

అఫ్జల్‌గంజ్‌లో అతనితో పాటే దిగి, అక్కడి జిరాక్స్ షాపులో రెజ్యూమె మళ్లీ టైప్ చేయించాను. హాబీలు తీసేస్తే ఒక్క పేజీలో సరిపోయింది. పైన వాళ్ల బాపు పేరు చూసుకుని అతను అడిగాడు, "మీ బాపు ఏం చేస్తుండె అన్నా?"

"ఈ బజార్లనే హమాలీ చేసిండు" అన్నాను, షాపులో అందరికీ వినబడేలా.