చూడ్డానికే పెట్టిన బొమ్మలు

వాటాలు పంచుకున్న రోజు మా అన్నయ్య అన్న మాట నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుంది. "నీకు ఫోటోల పిచ్చి కదా. పొలాలు, కొండలు, పక్షులు... నీకింకేం కావాలిరా?" అన్నాడు. అని, వైజాగ్‌లో ఇల్లు తను ఉంచుకున్నాడు. సబ్బవరం దాటాక ఎప్పుడో నాన్న కొని వదిలేసిన రెండు గదుల ఇల్లు నాకు రాశాడు. పక్కనే నిలబడ్డ వదిన నవ్వింది. ఆ నవ్వు కూడా గుర్తుంది.

నాకు పెళ్ళి కాలేదు కాబట్టి రెండు గదులు చాలని అందరూ నా తరఫున తీర్మానించేశారు. స్టూడియోల వాళ్ళకి పెళ్ళి ఆల్బంలు డిజైన్ చేసి పెట్టడం నా పని. కంప్యూటరూ నెట్టూ ఉంటే ఎక్కడైనా చేసుకోవచ్చని కూడా వాళ్ళే చెప్పారు. నిజమే, చేసుకోవచ్చు. రోజంతా ఎవరివో తలంబ్రాలు, ఎవరివో అప్పగింతలు తెర మీద సర్ది, సాయంత్రం కుర్చీలోంచి లేస్తే ఒక్క మాట మాట్లాడటానికి మనిషి ఉండడు. అది మాత్రం ఎవరూ చెప్పలేదు.

నా కోసం నేను తీసుకున్న ఫోటోలన్నీ ఫిషింగ్ హార్బర్‌లో తీసినవే. ఆదివారం తెల్లారకముందే మా ఫోటోల గ్రూపు అక్కడ చేరేది. అక్కడ వెతుక్కోవాల్సిన పని లేదు. చేపల మీద ఐసు చల్లే చేతులు, వేలంపాటలో అరిచే నోళ్ళు, కాలి బొటనవేలికి వల బిగించి కుట్టుకునే ముసలివాళ్ళు. కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒకటి వచ్చి పడేది. అడ్డం నిలబడితే "తప్పుకో గురూ" అని ఒక తోపు తోసేవారు. అంతకు మించి నన్నెవరూ పట్టించుకునేవారు కాదు.

ఊరు మారుతున్నానని చెప్పింది కూడా అక్కడే, టీ కొట్టు దగ్గర. గ్రూపులో అందరికన్నా పెద్ద లెన్సు ఉన్నాయన, అందుచేత గ్రూపుకి పెద్ద అయినాయన, గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"పల్లెటూర్లో ఏటి తీత్తావ్ బావా? గేదెలా?"

"గేదె మీద కొంగ ఉంటాది బావా. అది మాత్రం ఒగ్గీకు!" అని ఇంకొకడు అందుకున్నాడు.

వాళ్ళ నవ్వులయ్యేదాకా ఆగాను. ఎండలు ముదరకముందు ద్వారకా నగర్‌లో మేం పెట్టుకునే ఎగ్జిబిషన్‌కి, మీలో ఎవరూ తియ్యని బొమ్మ మా ఊరి నుంచి తెస్తానని చెప్పాను. తేలేకపోతే కెమెరా అమ్మేస్తానన్నాను. పెద్దాయన నా భుజం తట్టి "అలాగేలే బావా" అన్నాడు. గేదె మాట కన్నా ఆ తట్టడం ఎక్కువ గుచ్చుకుంది. నేను అన్నమాట వెనక్కి తీసుకునే మనిషిని కాను. అది వాళ్ళకీ తెలుసు.

ఊళ్ళో మొదటి నెలలు ఏమీ దొరకలేదు. పొద్దున్నే లేచి గడ్డి మీద మంచు తీశాను. తాటిచెట్ల వెనక సూర్యుణ్ణి తీశాను. పొరపాటున కాదు, కావాలనే కొంగనీ తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో తెరిస్తే, పెళ్ళికూతురి వెనక వెయ్యడానికి నా దగ్గరున్న బ్యాక్‌గ్రౌండ్లలాగే ఉన్నాయి అన్నీ. ఎవరైనా ముందు నిలబడితే తప్ప వాటికి అర్థం లేదు. నిలబడేవాళ్ళు లేరు.

అలాంటప్పుడే మా పక్క పొలంలో వంగతోట కాపుకొచ్చింది. ఆ తోట ఒకావిడది. ఆవిడ భర్త స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి పోతాడు, తోటంతా ఆవిడే చూసుకుంటుంది. ఆ ఉదయం మొక్కల మధ్యకెళ్ళి, కాయల మీద కెమెరా ఆనించినంత దగ్గరగా పెట్టి, "అబ్బ, ఎంత విరగకాసిందో!" అని పైకే అన్నాను. చాలా రోజుల తర్వాత నేను పైకి అన్న మంచి మాట అది.

వారం తిరక్కుండా కాయలకి పురుగు పట్టింది. బోరు దగ్గర నలుగురి ముందూ ఆవిడ నన్ను నిలదీసింది.

"ఏటి బాబూ, ఆ పెట్టెట్టుకుని సూసినకాణ్ణించి నా తోట సచ్చిపోతంది!"

"పురుగు పడితే మందు కొట్టాలమ్మా. నన్నంటారేంటి?"

"మందు కొట్టీసే సూసేం బాబూ. మీ కంటికి మందేటుంది?"

అందరూ నవ్వారు. ఆ తర్వాత నేను కెమెరాతో వీధిలోకొస్తే దూడ మీద గోనెపట్టా పడేది. ధాన్యం రాశి మీద టార్పాలిన్ పడేది. చంటిపిల్ల మొహం మీద పైట పడేది. హార్బర్‌లో నిండా చేపలున్న బోట్లని ఎన్నింటినో తీశాను, ఒక్కటీ మునగలేదని చెప్పి చూశాను. వినేవాళ్ళు లేరు. కెమెరా బ్యాగులో పెట్టేశాను. అమ్ముతానని గ్రూపులో మెసేజ్ పెడితే సరిపోతుంది, కానీ ముందుగా నవ్వేది ఎవరో తెలుసు కాబట్టి పెట్టలేదు.

చలికాలంలో ఒకరోజు, మంచు ఇంకా విడవకముందు, టీ కోసం బయల్దేరాను. ఆ పక్క తోటలో ఆవిడ భర్త నీలం చొక్కా వేసుకుని, పసుపు హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పాత తోట పీకేసి మళ్ళీ నాటిన నారు మధ్య. "డ్యూటీకి వెళ్ళలేదా?" అని పలకరించాను. జవాబు లేదు. సరే, భార్య మాట విని ఈయన కూడా మాటలు మానేశాడనుకున్నాను. మర్నాడు మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. ఈసారి కావాలనే గట్టిగా అడిగాను. పలకలేదు. నాకు ఒళ్ళు మండింది. "మనిషి పలకరిస్తే తలైనా ఊపకూడదా?" అన్నాను.

వెనకాల బైకు ఆగింది. "ఎవల్తో తగూ ఆడతన్నారు బాబూ?" అన్నాడు బైకు మీద నుంచి ఆవిడ భర్త.

తోటలోది దిష్టిబొమ్మ. ఆయన పాత డ్యూటీ చొక్కా, పగిలిన హెల్మెట్. కుండకి సున్నం బొట్లు పెట్టి మొహం చేశారు. ఆయన నవ్వినంతసేపూ నేను చూస్తూ నిలబడ్డాను. కోపంగానే ఉన్నా, చూపు మాత్రం బొమ్మ మీదే ఉంది. ఆ హెల్మెట్ అంచున మంచు బొట్టు వేలాడుతోంది. గట్టు దగ్గర ఆవిడ కలుపు తీస్తోంది. ఎలాగూ కాదంటుందనుకుంటూనే, దాన్ని ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను.

"దాన్నా? ఎంతైనా తీసుకోండి. సూడ్డానికే గదా దాన్నెట్టింది. మీలాంటోల కన్ను దానికే తగలాల."

మీలాంటోల అన్న మాట మర్చిపోలేదు. కానీ ఇంటికెళ్ళి కెమెరా తెచ్చాను.

ఆ చలికాలమంతా దిష్టిబొమ్మల వెంట తిరిగాను. ప్లాంటుకి పోయేవాళ్ళ తోటల్లో హెల్మెట్‌లవాళ్ళు ఉంటారు. నైటీ వేసుకున్నవి ఉన్నాయి, బడి టై కట్టుకున్నది ఒకటుంది. ఆనపపాదుల చుట్టూ కంచెగా పాత చేపల వలలు కట్టారు. హార్బర్‌లో బొటనవేలికి బిగించి కుట్టిన ముడులు అవే, చూడగానే గుర్తుపట్టాను. ఆ వలల వెనక మంచులో ఒక్కో బొమ్మ చేతులు చాపుకుని నిలబడి ఉంటుంది. నేనూ ఎదురుగా నిలబడేవాణ్ణి. ఇక్కడ ఏదీ వచ్చి పడదు, మనం నిలబడాలి. ఎంతసేపు నిలబడ్డా తప్పుకో అన్నవాళ్ళు లేరు. మాట్లాడినవాళ్ళూ లేరు.

అన్నింటిలోకి మంచిది, హెల్మెట్ అంచున మంచు బొట్టున్నది, పెద్ద ప్రింటు వేయించి ఎగ్జిబిషన్‌కి పట్టుకెళ్ళాను. పెద్దాయన దాన్ని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"బాగుంది బావా. కానీ మనుషులేరీ?"

హాలు చివర, నడవా మొదట్లో తగిలించారు. గోడల మీద రుషికొండ అలలు, హార్బర్ వేలంపాటలు. సాయంత్రం దాకా నా బొమ్మ పక్కనే నిలబడ్డాను. ఒకాయన దాని ముందు ఆగాడు. నేను పక్కకి జరిగి చోటిచ్చాను. "బాత్‌రూం ఇటేనాండీ?" అని అడిగాడు.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి ఇంటికొచ్చాను. దారంతా ఒకటే ఆలోచన. అన్నమాట నిలబెట్టుకున్నాను, ఎవరూ తియ్యని బొమ్మే తెచ్చాను. కానీ నిలబెట్టుకున్నట్టు ఎవరికీ తెలీదు. ఇక ఎవరి కోసం తియ్యాలి?

మర్నాడు పొద్దున్న చూస్తే పక్క తోటలో కొత్త బొమ్మ. గళ్ళ చొక్కా. ఆ చొక్కా నాది. తీగ మీద ఆరేసింది పోయిందని, గాలికి ఎగిరిపోయిందని అప్పటిదాకా వెతుకుతున్నాను. మెడలో గోనెతాడు, తాడుకి చెక్కముక్క, చెక్కముక్క మీద కొబ్బరిచిప్ప. కెమెరా అన్నమాట.

"ఇదేంటి?" అన్నాను ఆవిడతో.

"మీరే బాబూ."

"కనపడుతూనే ఉంది. అడక్కుండా నా చొక్కా తీసుకుని, నన్ను ఊరందరి ముందూ..."

"ఊరికోసం కాదు బాబూ, మీకోసమే ఎట్టినాను. తోటలోకొత్తే మీ కన్ను ముందు మీమీదే పడతాది గదా. ఇంక నా తోటకేటీ అవదు." ఆవిడ కొడవలి గట్టు మీద పెట్టి, మొక్కల వైపు చెయ్యి చాపింది. "పువ్వొచ్చింది. రండి, తీసుకోండి."

"నా చొక్కా?"

"కాపయ్యాక ఉతికిచ్చీనా?"

వెటకారమో మర్యాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. మామూలుగా నాకు అలాంటివి తేలడానికి ఎక్కువసేపు పట్టదు. చెప్పులు గట్టు మీద విడిచి తోటలోకి దిగాను. ఊదారంగు పువ్వుల మధ్య నా చొక్కా వేసుకున్నవాడు నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. గాలికి ఖాళీ చెయ్యి ఒకటి లేచింది. మనుషులేరీ అని అడిగినాయన గుర్తొచ్చాడు. బటన్ నొక్కాను. ఆ తర్వాత పువ్వులు తీశాను, ఆకులు తీశాను, వంగి కలుపు తీస్తున్న ఆవిణ్ణి కూడా తీశాను. ఆవిడ పైట అడ్డం పెట్టుకోలేదు.

ఆ ఫోటోలు గ్రూపుకి పంపలేదు. పంపను కూడా.

చొక్కా ఇంకా ఇవ్వలేదు.