ఈమెను ఎవరు పంపినారు?

పాత కంప్యూటర్ ఆన్ చేసిన కాసేపటికి దాని వెనక నుంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. మా ఊరు బలసముద్రంలో ఎన్నిసార్లు తుడిచినా ఆ దుమ్ము పోదు. ఆ వాసన తగలగానే, నేను ఏం టైపు చేస్తున్నానో పక్కన ఎవరో కూర్చుని అనుమానంగా చూస్తున్నట్టు అనిపిస్తుంది. బెంగళూరు కంపెనీ ఒకదానికి వీడియో గేముల్లోని పాత్రల పూర్వకథలు ఇంటి నుంచే రాసివ్వడం నా పని. ఆ విద్య నాకు నేర్పింది మా ఆయన అక్క, రత్నమ్మ వదిన. నేర్పిన కాలమంతా ఆమె నన్ను నమ్మలేదు. నేనూ ఆమెను నమ్మలేదు.

వదినకు దగ్గర్లోని వై.ఎన్.హొసకోటలో జిరాక్సు షాపు ఉండేది. భర్తతో పొసగక విడిగా ఉంటూ దాన్ని ఒక్కతే నడిపింది. బస్సు దిగుతూ పడి నడుం దెబ్బతిన్నాక షాపు మూసేసి, కంప్యూటరుతో సహా పుట్టింటికి వచ్చేసింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి అత్తమామలు లేరు. ముందు గదిలో ఆమె కత్తులూ మంత్రాలూ రాక్షసులూ ఉండే ఆటలు ఆడుతూ కనిపించేది. నన్ను పిలిచి ఏవేవో అడిగేది. చిన్నప్పుడు దేనికి భయపడేదానివి, ఎవరితో మాటలు మానేసినావు, ఎందుకు మానేసినావు అని. ఇదంతా తమ్ముడికి చేరవేయడానికే అనుకుని నేను ఒక్కదానికీ నిజం చెప్పేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం మౌసు నా చేతికిచ్చి, "నీకొక మనిషిని చేసుకో" అంది. ఆట మొదట్లో కొన్ని పాయింట్లు ఇస్తారు. బలానికి, తెలివికి, చురుకుదనానికి, మాటకారితనానికి వాటిని మనమే పంచాలి. ఒకచోట ఎక్కువ పెడితే ఇంకోచోట తగ్గుతాయి. నేను అన్నింటికీ సమానంగా పంచాను.

"అందరితో మంచిదనిపించుకోవల్లని చూస్తాండావు. ఈమె మొదటి గుహలోనే సచ్చిపోతాది" అంది వదిన.

అలాగే చచ్చిపోయింది. రెండోసారి బలం తగ్గించి మాటకారితనం పెంచబోతే చేయి పట్టుకుని ఆపింది. ముందు కథ చెప్పమంది. ఆటలో కథ రాసే చోటే లేదు కదా అన్నాను.

"ల్యాకుంటే ఏంది? యాడ పుట్టింది, ఎవర్ని నమ్మదు, ఎందుకు నమ్మదు, అది తెలీకుండా చేతికి కత్తి ఎట్ల ఇస్తావు?"

ఆ రోజు నుంచి పని ముగించుకుని ఆమె గదికి వెళ్లడం అలవాటైంది. నేను కథ చెప్పేదాన్ని, ఆమె ఎక్కడ అబద్ధముందో వెతికేది. నాకది ఎంత నచ్చేదో అంత బెదురుగానూ ఉండేది.

మామగారు పోయే ముందు కొంత పొలం వదిన పేర రాశారు. ఆ పొలం సోలార్ పార్కులోకి పోయింది, ఏటా లీజు డబ్బు ఆమెకే వచ్చేది. అక్కడే కాపలా పని చేసే మా ఆయనకు ఆ పొలం తన పేరుకు మారాలని ఆశ. "నీతో బాగుంటాది గదా, సంతకం పెడ్తాదో లేదో మెల్లగా అడుగు" అన్నాడు నాతో. ఊఁ అన్నాను గానీ అడగలేదు. అడగకపోయినా ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. వదిన పసిగట్టింది.

మర్నాడు తనే ఒక పాత్రను తయారు చేసింది. పాయింట్లన్నీ దాక్కోవడానికీ చాటుగా వినడానికీ పెట్టింది. "ఈమె కొత్తగా కోటలోకి వచ్చింది. అందరికీ వండి పెడ్తాది, నవ్వుతాది. కథ నువ్వు చెప్పు. ఈమెను ఎవరు పంపినారు?"

తెర మీది ఆ పాత్రనే చూస్తూ చెప్పాను.

"ఎవురూ పంపలేదు వదినా. ఈడ బతికేదానికే వచ్చింది. వచ్చినాక ఒక మాట అడగమన్నారు. ఈమె అడగలేదు."

"అడక్కుండా ఎన్నాళ్లు ఉంటాదంట?"

"తెలీదు."

వదిన ఆట ఆపేసింది.

కొన్నాళ్లకు మా ఆయన ఊరి పెద్దమనిషినీ, పత్రాలు రాసే ఆయన్నీ ఇంటికి తీసుకొచ్చాడు. వదిన నోరు విప్పకముందే, "అక్క ఒప్పుకొనింది. గీతతో చెప్పినాది. ఏమ్మే, చెప్పు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. చేతిలోని కాఫీ పళ్లెం కింద పెట్టాను.

"నాతో అట్ల చెప్పలేదు. ఆమె ఈడనే ఉండాది గదా, ఆమెనే అడగండి" అన్నాను.

"నాకు ఇష్టం లేదు" అంది వదిన. పెద్దమనిషి కాఫీ తాగి లేచిపోయాడు. మా ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

వదిన సంతోషిస్తుందనుకున్నాను. సాయంత్రం గదిలోకి పిలిచి, "ఎందుకు అట్ల చెప్తివి? నీకేం లాభం?" అంది.

"లాభమేముంది వదినా, ఉండేది చెప్పినా."

"ఈ కథ అతకలేదు. ఊరికే మొగుని మాట ఎవురూ కాదనరు. ఆలోచించి చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఆ గది వైపు వెళ్లడం మానేశాను. కానీ వంట చేస్తున్నా, వేరుశనగకాయలు వలుస్తున్నా ఆ ప్రశ్నే తిరిగేది. చివరికి ఒక రోజు గుమ్మంలో నిలబడి చెప్పాను.

"ఈ ఇంట్లో ఒక్కరన్నా నన్ను నమ్మల్లని ఉండె. అందుకే చెప్పినా."

"ఇది నమ్మేట్ల ఉండాది" అంటూ వదిన తన పక్కన కుర్చీ జరిపింది.

కిందటేడు వదిన జ్వరంతో చనిపోయింది. పొలం చివరిదాకా ఆమె పేరనే ఉంది. నేను ఆమె పక్షమని మా ఆయన ఇప్పటికీ అనుకుంటాడు, నేను కాదనను. ఆ రోజు ఆమె నన్ను నమ్మిందో, నేను చెప్పిన కథను మాత్రమే నమ్మిందో నాకు తెలియదు. అడిగే ధైర్యం రాలేదు.

కంపెనీవాళ్లు దయగల వైద్యురాలి పాత్ర కావాలంటారు. ఆమెకు ఈ దయ వల్ల ఏం దక్కుతోందో తేలేదాకా నేను ఒక్క వాక్యం రాయను. మీ పాత్రలన్నీ అనుమానం మనుషులేనండీ అని నవ్వుతారు. ఇంట్లోనూ అంతే. ఎవరైనా నాకు మంచి చేస్తే, వీళ్లకేం కావాలి అని లోపల అడుగుతూనే ఉంటాను. జవాబు దొరికాక మాత్రం, చాలాసార్లు, ఆ మనిషి మీద నాకు ఇష్టం పెరుగుతుంది.